మాకు కౌలు కాదు, కరెంటులో వాటా కావాలి: విద్యుత్ అధికారులకు, బ్యాంకర్లకు ఒక బహిరంగ లేఖ

రాష్ట్రంలో కరెంటు విధానాలు రాసే అధికారులకు, కొనుగోలు ధరలు తేల్చే పెద్దలకు, సహకార శాఖవారికి, పల్లెల్లో అప్పులిచ్చే బ్యాంకుల మేనేజర్లకు

నమస్కారం.

మేము ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో చెలక భూములున్న చిన్న రైతులం. మాలో కొందరికి రెండెకరాలుంటే కొందరికి ఎకరమే ఉంది, కొందరికి అదీ లేదు. అందరం కలిసి సహకార సంఘం పెట్టుకుని, సబ్‌స్టేషన్ దగ్గరి బీడులో ఒక మెగావాట్ సోలార్ ప్లాంటు కట్టుకుందామనుకున్నాం. దారేదో చెప్పమని కాగితాలు పెట్టుకుంటే జవాబు రాలేదు. నోటిమాటగా వచ్చిన జవాబు ఒక్కటే: “మీ వెనక కంపెనీ ఏదైనా ఉందా?” ఏ ఆఫీసులో, ఎవరు అన్నారో ఇక్కడ రాయడం లేదు. ఆ కుర్చీలో ఇంకొకరున్నా అదే అడిగేవారు, ఎందుకంటే నిబంధనల తీరే అట్లా ఉంది. అందుకే ఈ లేఖ ఒక్క ఆఫీసుకు కాకుండా, ఈ నిబంధనల్లో చేయి ఉన్న అందరికీ రాస్తున్నాం.

చట్టం మాకు అడ్డం లేదని ముందే ఒప్పుకుంటాం. 2019లో రైతుల సోలార్ కోసం కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలో మొదటి భాగం, అంటే కాంపొనెంట్-ఎ, చదివితే మా కోసమే రాశారేమో అనిపిస్తుంది. 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకోవచ్చు. ఒక్క రైతే పెట్టొచ్చు, నలుగురు రైతులు కలిసి పెట్టొచ్చు. సహకార సంఘం, పంచాయతీ, రైతు ఉత్పత్తిదారుల సంస్థ, నీటి వినియోగదారుల సంఘం, అందరికీ అర్హత ఉంది. సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు భూమి ఉండాలి. వచ్చిన కరెంటును డిస్కం, అంటే ఇళ్లకూ పొలాలకూ కరెంటు పంచే సంస్థ, ముందే ఖాయం చేసిన ధరకు 25 ఏళ్లు కొంటుంది. మన రాష్ట్రంలో ఆ ధర యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు. సంఘం రిజిస్టర్ చేసుకోవడానికి 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, మనం మ్యాక్స్ చట్టం అని పిలిచేది, ఉండనే ఉంది.

అంటే అర్హుల జాబితాలో మేమున్నాం. ఆ జాబితా తర్వాత వచ్చే ప్రతి షరతూ మాత్రం కోట్లు చేతిలో ఉన్నవాడిని మనసులో పెట్టుకుని రాసిందే. అప్పుడు చిన్న రైతుకు మిగిలేది ఒక్కటే పని, భూమిని కంపెనీకి కౌలుకిచ్చి పక్కకు జరగడం.

పల్లెటూరివాళ్లకు కరెంటు వ్యవహారం చేతకాదనేవారికి మా పక్కనున్న సిరిసిల్లనే చూపిస్తాం. అక్కడి సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనందరికీ తెలిసిన సెస్, 1970లో మొదలైంది. దేశంలో ప్రయోగంగా పెట్టిన మొదటి ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అది ఒకటి. తక్కినవి కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కొడినార్, మహారాష్ట్రలో ముళా-ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో. స్తంభాలు పాతడం, ట్రాన్స్‌ఫార్మర్లు మార్చడం, మీటరు రీడింగు, బిల్లుల వసూలు అన్నీ యాభై ఏళ్లకు పైగా సంఘమే చూసుకుంటోంది. వినియోగదారులే సభ్యులు, వాళ్లే ఓటేసి డైరెక్టర్లను ఎన్నుకుంటారు. 2022 డిసెంబరులో ఆ ఎన్నికలు జరిగినప్పుడు పార్టీల హడావుడి అసెంబ్లీ ఎన్నికలకు తీసిపోలేదు. ఆ గోల నచ్చకపోవచ్చు. కానీ కరెంటు సంస్థను ఎవరు నడపాలో రైతూ, మరమగ్గాల కార్మికుడూ ఓటేసి తేల్చే చోటు దేశంలో ఇంకెక్కడ ఉంది? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో కుప్పం, చీపురుపల్లి, అనకాపల్లి రెస్కోలు, అంటే గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు, కూడా ఆ కోవలో పుట్టినవే.

సెస్ ప్రధానంగా డిస్కం నుంచి టోకుగా కరెంటు కొని పంచే సంఘం. అప్పట్లో పల్లె చేయగలిగింది అంతే. బొగ్గు రామగుండంలో ఉంది, నీళ్లు శ్రీశైలంలో ఉన్నాయి, ఊళ్లో కరెంటు తయారు చేసే మార్గమే లేదు. ఇప్పుడా పరిస్థితి మారింది. ఎండ ప్రతి చెలక మీదా పడుతోంది.

సహకారమనే మాట మాకు పుస్తకాల్లో చదివింది కాదు. 1956లో మొదలైన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు పక్కనే ఉంది. మహిళలే సభ్యులుగా, మహిళలే పాలకవర్గంగా నడిచే ముల్కనూరు డెయిరీ ‘స్వకృషి’ పాలు రోజూ తాగుతున్నాం. పొద్దున పాలు పోసి పదిహేను రోజులకు బిల్లు తీసుకోవడం తెలిసిన ఊరికి, పగలంతా గ్రిడ్డుకు కరెంటు పోసి నెలకోసారి బిల్లు తీసుకోవడం ఏమంత కష్టం కాదు.

ఇది కొత్తగా మేం కనిపెట్టింది కూడా కాదు. గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఢుండి గ్రామంలో ఆరుగురు రైతులు 2016లో సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ వాళ్లకు సాయం చేసింది. పొలానికి నీళ్లు పెట్టుకోగా మిగిలిన కరెంటును అక్కడి డిస్కం యూనిట్‌కు 4 రూపాయల 63 పైసల చొప్పున 25 ఏళ్లు కొనేలా ఒప్పందం జరిగింది. బదులుగా సబ్సిడీ వ్యవసాయ కనెక్షన్ అడగబోమని రైతులు రాసిచ్చారు. నీళ్లను ఊరికే తోడి పారబోసే బదులు కరెంటు అమ్ముకోవడం లాభం కాబట్టి భూగర్భ జలానికీ మేలు జరుగుతుందనేది ఆ లెక్క. కోయంబత్తూరు జిల్లా ఓడంతురై పంచాయతీ అయితే 2006లోనే కోటీ 55 లక్షలు పెట్టి 350 కిలోవాట్ల గాలిమర కొనుక్కుంది. అందులో ఎక్కువ భాగం బ్యాంకు అప్పే. ఒక పంచాయతీకి ఆ రోజుల్లోనే బ్యాంకు అంత అప్పు ఇచ్చిందన్న సంగతి మేనేజర్లు గుర్తుపెట్టుకోవాలని మనవి. దూరం పోతే డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ తీరం పక్కన సముద్రంలో 20 గాలిమరలున్నాయి. వాటిలో సగం ఎనిమిది వేల మందికి పైగా మామూలు జనం వాటాలు కొని కట్టుకున్న సహకార సంఘానివి.

ఇక మా లెక్క. ఇందులో తప్పుంటే చూపించండి, దిద్దుకుంటాం.

ఒక మెగావాట్‌కు దాదాపు నాలుగెకరాలు కావాలి. మన ఎండకు ఏడాదికి 16 లక్షల యూనిట్ల పైనే వస్తుంది. 3.13 రూపాయల చొప్పున సుమారు 52 లక్షలు. ప్లాంటు ఖర్చు మూడు కోట్లు అనుకుంటే, 70 శాతం బ్యాంకు అప్పు, తక్కిన 90 లక్షలు సభ్యుల వాటా. అప్పు 10 శాతం వడ్డీకి పదిహేనేళ్లు కడితే ఏటా కిస్తీ దాదాపు 28 లక్షలు. బీమా, ప్యానెళ్లు కడగడం, కాపలా, రిపేర్లకు ఆరు లక్షలు. ఏటా 18 లక్షల దాకా మిగులుతుంది. ఖర్చు మూడున్నర కోట్లకు పెరిగితే మిగులు 14 లక్షలకు దిగుతుంది. దానికి తోడు వడ్డీ 12 శాతం అయితే పది లక్షలే. ప్యానెళ్ల పనితనం ఏటా కొంచెం తగ్గుతుందని, మధ్యలో ఇన్వర్టర్లు మార్చాల్సి వస్తుందని మాకు తెలుసు. వానాకాలంలో బిల్లు పడిపోతుందనీ తెలుసు. అవన్నీ తీసేసినా, అదే నాలుగెకరాలను ఎకరానికి 30 వేలకు కౌలుకిస్తే వచ్చే లక్షా ఇరవై వేలతో పోల్చి చూడండి. పదిహేనేళ్ల తర్వాత అప్పు తీరిపోతుంది. ఆ పైన పదేళ్లు వచ్చేదంతా కౌలు పద్ధతిలో ఎవరి ఇంటికి పోతుంది, సంఘం పద్ధతిలో ఎవరి ఇంటికి వస్తుంది?

వడ్డీలో రెండు శాతం తేడా ఊరి మిగులులో ఎంత కోత పెడుతుందో కూడా ఈ లెక్కలోనే ఉంది. కంపెనీలకు తక్కువ వడ్డీకి డబ్బు దొరుకుతుంది. మాకు దొరకదు. ధర మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇట్లాగే సాగితే మామూలు జనానికి ఏమవుతుందో చెప్తాం.

1. రైతు తన భూమిలోనే బయటివాడవుతాడు. కర్ణాటకలోని పావగడ చూడండి. ఆంధ్రప్రదేశ్‌లోని ఉమ్మడి అనంతపురం జిల్లా సరిహద్దులోనే ఉంటుంది, తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఐదు గ్రామాల్లో 13 వేల ఎకరాల మీద 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. భూమి కొనకుండా ఎకరానికి ఏటా 21 వేల చొప్పున కౌలుకు తీసుకున్నారు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. కరువు సీమలో ఆ డబ్బు చాలామందికి ఊరటే, దాన్ని తక్కువ చేసి మాట్లాడం. కానీ ఆ 2,050 మెగావాట్లలో ఆ ఐదు ఊళ్లకు యాజమాన్యం లేదు. రేపు కరెంటు ధర పెరిగినా, కంపెనీ చేతులు మారినా, భూమి ఇచ్చినవాడికి ఒరిగేది ఆ కౌలే.

2. భూమి లేనివారికి ఆ కౌలు కూడా లేదు. పట్టా ఉన్నవాడికి కౌలు వస్తుంది. ఆ భూమిలో పత్తి ఏరిన కూలీకి, కౌలుకు చేసుకున్న రైతుకు, బీడులో గొర్లు మేపుకున్న కురుమలకు, గొల్లలకు పోయేదే తప్ప వచ్చేది లేదు. ప్లాంటు కట్టేటప్పుడు నాలుగు నెలలు పని ఉంటుంది. తర్వాత గడ్డి కోయడం, ప్యానెళ్లు కడగడం, రాత్రి కాపలా, అంతే. సహకార సంఘంలో అయితే భూమి లేని మనిషి కూడా చిన్న వాటాతో సభ్యుడు కావచ్చు, భూమి ఉన్నవాడితో సమానంగా ఒక ఓటు వేయొచ్చు. గొర్ల మేతకు ప్యానెళ్ల కింద చోటు ఇవ్వాలా వద్దా అనేది ఆ ఓటు తేలుస్తుంది. కంపెనీ కాంపౌండు గోడ దగ్గర ఆ మాట అడగడానికి కూడా మనిషి ఉండడు.

3. సబ్‌స్టేషన్‌లో జాగా ఒక్కసారే దొరుకుతుంది. ఈ సంగతి పైవాళ్లకు తెలుసు, ఊళ్లో చాలామందికి తెలియదు. ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్ ఇంత సోలార్ కరెంటు మాత్రమే తీసుకోగలదని పరిమితి ఉంటుంది. ముందు వచ్చినవాళ్లు దాన్ని నింపేస్తే 25 ఏళ్ల దాకా ఆ సబ్‌స్టేషన్ కింద ఉన్న ఏ ఊరికీ మళ్లీ అవకాశం రాదు. దరఖాస్తు పెట్టడానికి మాకు గ్రామసభ కావాలి, సంఘం రిజిస్ట్రేషన్ కావాలి, వాటాలు వసూలు కావాలి, బ్యాంకు చుట్టూ తిరగాలి. కంపెనీకి ఒక సంతకం చాలు. పైగా దరఖాస్తులు ఎక్కువైతే వేలం పెట్టి ఎవరు తక్కువ ధరకు ఇస్తామంటే వాళ్లకు ఇవ్వమంటోంది నిబంధన. 3.13 మీద ఇరవై పైసలు తగ్గించుకునే స్తోమత మా సంఘానికి ఎక్కడిది? ఆ ఇరవై పైసలు పోతే ఏటా మూడు లక్షలకు పైగా పోయినట్టే.

4. సర్కారు సొమ్ము ఊరి మీదుగా పోతుంది, ఊళ్లో ఆగదు. వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే పేదింటికి సున్నా బిల్లు వస్తోంది. మంచిదే, అది మా ఇళ్లలోనూ అందుతోంది. ఆ కరెంటు డబ్బు సర్కారు డిస్కంకు కడుతుంది, డిస్కం దూరంగా ఉన్న ఉత్పత్తిదారులకు కడుతుంది. అదే కరెంటులో కొంత ఊరి సంఘమే తయారు చేస్తే, పగలు బోర్లు నడిచే వేళకు దగ్గర్లోనే దొరుకుతుంది, దూరం నుంచి తెచ్చేటప్పుడు లైన్లలో పోయే నష్టమూ తగ్గుతుంది, డబ్బు తిరిగి ఊరికి వస్తుంది. ఇంకో మాట. కేంద్రం 2024లో తెచ్చిన పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్ల సోలార్ కప్పు మీద పెట్టుకుంటే 78 వేల సబ్సిడీ ఇస్తారు. సున్నా బిల్లు వచ్చే ఇంటివాడు మిగతా డబ్బు అప్పు చేసి మరీ ఎందుకు పెట్టుకుంటాడు? పెట్టుకుందామన్నా రేకుల ఇల్లు, గూన పెంకుల ఇల్లు, కిరాయి ఇల్లు ఆ బరువుకూ పనికిరావు, ఆ కాగితానికీ పనికిరావు. పేదవాడికి సోలార్ చేరాలంటే అతని కప్పు మీదుగా కాదు, అతని వాటా మీదుగా చేరాలి.

5. లైను పోతే పట్టించుకునేవాళ్లు ఉండరు. గ్రిడ్డులో కరెంటు పోతే సోలార్ ప్లాంటు కూడా దానంతటదే ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం ఇన్వర్టర్లను అట్లాగే తయారు చేస్తారు. అంటే 11 కేవీ లైను మధ్యాహ్నం మూడు గంటలు పోతే ఆ మూడు గంటల ఆదాయం పోయినట్టే. ప్లాంటు ఊరిదైతే ఆ లైను బాగుండాలని పట్టుబట్టే సభ్యులు వందలమంది ఉంటారు. ఈ ఒత్తిడి డిస్కంకు ఇబ్బంది కావచ్చు, బోరు రైతుకు మాత్రం మేలే.

సహకార సంఘాలన్నీ పవిత్రమైనవని మేం అనడం లేదు. పైన చెప్పిన ఐదింటిలోనే ముళా-ప్రవర భారీ బకాయిల్లో కూరుకుపోయి 2011లో లైసెన్సు పోగొట్టుకుంది. రాజకీయం చొరబడి, ఆడిట్ లేక మూతపడ్డ సంఘాలు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. ఇంకో రకం ప్రమాదం జర్మనీలో కనబడింది. 2017లో అక్కడ గాలిమరల వేలంలో పౌర సంఘాలకు ప్రత్యేక సడలింపులు ఇచ్చారు. దాదాపు అన్నీ పౌర సంఘాలే గెలిచాయి. తీరా చూస్తే చాలావాటి వెనక పెద్ద డెవలపర్లే ఉన్నారు, సంఘం పేరుకే. మరుసటి ఏడు ఆ సడలింపుల్లో ముఖ్యమైనవి ఆపేయాల్సి వచ్చింది. మన దగ్గర బినామీ అనే మాట ఎవరికీ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. కాబట్టి మేం అడిగేది కళ్లు మూసుకుని సడలింపులు ఇమ్మని కాదు.

మన రాష్ట్రంలో మహిళా సంఘాలతో వెయ్యి మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తామని 2024లో ప్రభుత్వం ప్రకటించింది. దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాం, మా ఇళ్లలోని ఆడవాళ్లూ ఆ సంఘాల్లో ఉన్నారు. అప్పు తీసుకుని తిరిగి కట్టే విషయంలో వాళ్లకున్న పేరు ఏ బ్యాంకైనా ఒప్పుకుంటుంది. కానీ ఈ పథకం కూడా పేరు మహిళలది, పెత్తనం కాంట్రాక్టరుది అనే తీరుకు దిగజారకుండా ఇప్పుడే చూసుకోవాలి. ఒకసారి ఒప్పందాల మీద సంతకాలు అయ్యాక 25 ఏళ్లు దిద్దుకోలేం.

ఇవీ మా డిమాండ్లు. కుసుమ్ గడువు పొడిగించినా, అదే పథకం కొత్త పేరుతో వచ్చినా, రాష్ట్రమే సొంతంగా ఇంకోటి తెచ్చినా మా మాట ఇదే.

1. ప్రతి 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఎంత సోలార్‌కు జాగా ఉంది, ఎంత ఎవరికి ఇచ్చారు అనే వివరం తెలుగులో, పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఖాళీగా ఉన్న దాంట్లో కనీసం మూడో వంతు స్థానిక సహకార సంఘాలకు, మహిళా సమాఖ్యలకు, పంచాయతీలకు ఏడాది పాటు ఆపి ఉంచాలి. ఏడాదిలో ఎవరూ ముందుకు రాకపోతే అప్పుడు కంపెనీలకు ఇచ్చుకోండి, మేం అడగం.

2. ఆ మూడో వంతులో వేలం ఉండొద్దు. నిర్ణయించిన ధరే ఇవ్వాలి. ఒకే చోటికి రెండు సంఘాలు వస్తే సభ్యులు ఎక్కువ ఉన్నదానికి, అందులో భూమి లేనివారు ఎక్కువ ఉన్నదానికి ముందు ఇవ్వాలి.

3. కాంపొనెంట్-ఎ కింద కేంద్రం యూనిట్‌కు 40 పైసలు, లేదా మెగావాట్‌కు ఏటా 6 లక్షల 60 వేలు, ఏది తక్కువైతే అది ఐదేళ్లపాటు ప్రోత్సాహకంగా ఇస్తుంది. ఇది రైతుకు వస్తుందని ఊళ్లలో చాలామంది అనుకుంటున్నారు. రాదు, డిస్కంకు వస్తుంది. ప్లాంటు పెట్టినవారికి బదలాయించే వెసులుబాటు మాత్రం ఉంది. సహకార సంఘాల విషయంలో అది మొత్తం బదలాయించాలి. కిస్తీలు బరువుగా ఉండే మొదటి ఐదేళ్లు ఈ 6 లక్షలే సంఘాన్ని నిలబెడతాయి. ఈ ఒక్క కోరికకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు.

4. బ్యాంకర్లకు: 2024 ఆగస్టులో కేంద్రం వ్యవసాయ మౌలిక వసతుల నిధిని కాంపొనెంట్-ఎ ప్లాంట్లకు కూడా వర్తింపజేసింది. రెండు కోట్ల దాకా అప్పుకు 3 శాతం వడ్డీ రాయితీ, దానికి ప్రభుత్వ గ్యారంటీ కూడా ఉన్నాయి. అయినా తాకట్టుకు ఇల్లో, కుదవకు బంగారమో అడుగుతున్నారు. 25 ఏళ్ల కొనుగోలు ఒప్పందమే మాకున్న ఆస్తి. బిల్లు డబ్బు నేరుగా అప్పు ఖాతాలోకి వచ్చేలా డిస్కం, బ్యాంకు, సంఘం మధ్య ముక్కోణపు ఒప్పందం రాసుకుందాం. అయినా అప్పు ఇవ్వమంటే ఆ కారణం 30 రోజుల్లో కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా కాదు.

5. దరఖాస్తు డిపాజిట్లు, బ్యాంకు గ్యారంటీలు సహకార సంఘాలకు మాఫీ చేయాలి, లేదా రాష్ట్రమే ఒక నిధి పెట్టి భరించాలి. ప్లాంటు నుంచి సబ్‌స్టేషన్ దాకా లైను ఖర్చు కూడా ఇందులోకే వస్తుంది. గ్యారంటీకి డబ్బు లేని రైతు కంపెనీ దగ్గరకు పోతున్నాడు, సంఘం అక్కడే బినామీ అవుతోంది.

6. బినామీని ఆపే షరతులు మేమే అడుగుతున్నాం. సభ్యుల్లో ఎక్కువమంది అదే మండలంలో ఉండేవారై ఉండాలి. వాటా ఎంతున్నా ఒక మనిషికి ఒకే ఓటు. ఎవరికీ పది శాతం కంటే ఎక్కువ వాటా ఉండొద్దు. పదేళ్ల దాకా ప్లాంటును గానీ మెజారిటీ వాటాలను గానీ బయటివారికి అమ్మకూడదు. ఏటా ఆడిట్ రిపోర్టు గ్రామసభలో చదివి వినిపించాలి. ఈ షరతులు తప్పిన సంఘానికి పైన అడిగిన ఏ సడలింపూ ఉండొద్దు.

7. మహిళా సంఘాల ప్లాంట్లలో భూమి కౌలు పత్రం, కొనుగోలు ఒప్పందం, ప్లాంటు ఆస్తి అన్నీ సమాఖ్య పేరునే ఉండాలి. కట్టే కంపెనీకి కట్టిన కూలి, నిర్వహణ కూలి మాత్రమే. లాభంలో వాటా కాదు. సంతకం పెట్టించుకునే ప్రతి కాగితానికీ తెలుగు ప్రతి ముందుగా ఇవ్వాలి, చదువుకోవడానికి కనీసం నెల గడువు ఉండాలి.

8. ఒకచోట ప్లాంటు పెట్టి, వచ్చిన యూనిట్లను సభ్యుల బిల్లుల్లో వాటా ప్రకారం తగ్గించే పద్ధతి ఢిల్లీలో కొన్నేళ్లుగా ఉంది, దాన్ని వర్చువల్ నెట్ మీటరింగ్ అంటున్నారు. సున్నా బిల్లు రాని చిన్న షాపులు, పిండిగిర్నీలు, మరమగ్గాలు, టైలర్లు, కిరాయి ఇళ్లవాళ్లు దీనివల్ల బాగుపడతారు. మన దగ్గర దీన్ని సంఘాలకు పూర్తిగా తెరవాలి. సిరిసిల్ల సెస్ లాంటి చోట కరెంటు పంచే సంఘమే ఉంది, సభ్యులే యజమానులు. సొంతంగా సోలార్ తయారు చేసుకుని తన సభ్యులకే పంచుకునేలా నిబంధనలు సులువు చేస్తే, రాష్ట్రంలో ఈ ప్రయోగానికి అంతకు మించిన చోటు దొరకదు.

9. కరెంటు బిల్లు 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే ఒప్పందంలో రాసుకున్న వడ్డీ అడక్కుండానే జమ కావాలి. కంపెనీ ఆరు నెలల బకాయి మోయగలదు, మా సంఘం రెండో నెలకే కిస్తీ తప్పుతుంది. ఒక కిస్తీ తప్పితే బ్యాంకు వచ్చేది మా ఇంటికే. పగటిపూట లైను పోయిన గంటల రికార్డు నెలనెలా సంఘానికి ఇవ్వాలి, ఒక పరిమితి దాటితే పోయిన ఆదాయానికి పరిహారం కట్టాలి.

10. ప్రతి పాత జిల్లా కేంద్రంలో ఈ ఒక్క అంశం మీద బహిరంగ విచారణ పెట్టండి. కాగితాలు, చర్చ రెండూ తెలుగులో ఉండాలి. తేదీ కనీసం నెల ముందు ప్రకటించండి, పత్తి ఏరే రోజుల్లో పెట్టకండి.

2030 నాటికి ఇంకో 20 వేల మెగావాట్ల హరిత విద్యుత్తు కలుపుతామని 2025లో మన రాష్ట్రం విధానం ప్రకటించింది. అందులో ఊళ్ల సొంత వాటా ఎంత అనే అంకె మాకు ఎక్కడా కనబడలేదు. ఆ అంకె ఒకటి రాయండి, చిన్నదైనా ఫర్వాలేదు. కరీంనగర్‌లో విచారణ పెట్టిన రోజు మా సభ్యుల జాబితా, భూమి కాగితాలు, పైన రాసిన లెక్కలు తీసుకుని వస్తాం. “మీ వెనక కంపెనీ ఉందా” అని కాకుండా, మీ సభ్యులు ఎంతమంది అని అడగండి.

ఇట్లు,
చెలక రైతులు, కౌలు రైతులు, కూలీలు
ఉమ్మడి కరీంనగర్ జిల్లా